ఉల్లి వర్తకుని కుమారుడు

పుదుచ్చేరి పట్టణంలో నెహ్రూ వీధిని ఆనుకొని ఉన్న గోబెర్ మార్కెట్టుకు తెల్లవారుతూనే వెళ్ళిన వారికి ముందుగా పూలబుట్టలు, ఆ వెనుక చిన్న ఉల్లి రాశులు కనిపిస్తాయి. తమిళులు సాంబారులోకి ప్రీతిగా వాడే ఎఱ్ఱని ఉల్లి అది. తనిఖీ పని మీద ఆ ఊరికి వెళ్ళినపుడు మేమూ, మా సహోద్యోగులిరువురూ సముద్రతీరంలో నడక ముగించుకొని, ఆ దారినే వచ్చి సమీపంలోని ఒక శాకాహార ఫలహారశాలలో కూర్చున్నాము.

ఇడ్లీలు రాగానే మిత్రులలో ఒకరు, "బాగున్నవి గాని, చెన్నై శరవణ భవన్ ఇడ్లీకి సాటి రావండీ" అన్నారు. రెండవ వారు తలెత్తకుండానే, "ఆ పేరు గల చోట నేను కాఫీ కూడ త్రాగను" అన్నారు. ఆ సంస్థ స్థాపకుడు పి. రాజగోపాల్ జీవితం గురించి ఆనాడు మా మధ్య జరిగిన వాదన ఇంకను తేలలేదు. అందుచేత పాఠకుల ముందుంచుతున్నాము.

రాజగోపాల్ 1947లో, నేటి తూత్తుక్కుడి జిల్లాలోని పున్నైయడి అనే పల్లెలో జన్మించారు. తండ్రి ఉల్లిపాయల వర్తకుడు. చదువు ఏడవ తరగతితో ఆగిపోయింది. ఇల్లు విడిచి, ఒక హోటలులో బల్లలు తుడిచే పనికి కుదిరి, రాత్రులు అక్కడే నేల మీద పడుకొనేవారు. టీ కాచడం అక్కడే నేర్చుకున్నారు. పిమ్మట మద్రాసు చేరి కె.కె. నగర్‌లో కిరాణా దుకాణం నడిపారు. ఆ ప్రాంతంలో హోటలు లేక, భోజనానికి త్యాగరాయనగర్ దాకా పోవలసి వస్తున్నదని ఒకరు అన్న మాట ఆయన మనసులో నాటుకున్నది. నిప్పుతో చేసే వ్యాపారం కలిసివస్తుందని జ్యోతిష్కుడు చెప్పిన మాట దానికి తోడయింది. 1981లో తొలి శరవణ భవన్ అక్కడే వెలసింది. (ఈ జ్యోతిష్కుని మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.)

తాజా కూరగాయలు, కొబ్బరినూనె, చౌక ధర. ఈ మూడూ కలిస్తే నష్టం తప్పదని లెక్కలు తెలిసిన ఎవరైనా చెప్పగలరు. నెలకు పదివేల రూపాయల వరకు నష్టం వచ్చింది. ఆ రోజులలో మా తండ్రిగారి నెల జీతం వేయి రూపాయలు దాటలేదు. నాసిరకం సరుకు వాడి, పనివారి జీతాలు తగ్గించమని ఒక సలహాదారు చెప్పగా, రాజగోపాల్ ఆ సలహాదారునే పంపివేశారు. క్రమేణా జనం రాసాగారు, నష్టం తీరింది.

ఇంజనీర్లుగా మమ్ములను ఆకర్షించే విషయం మరొకటి ఉన్నది. ఇడ్లీ పిండి పులియడం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. మే నెలలో ఒక రాత్రికే పొంగిపోయే పిండి, మార్గశిరపు చలిలో కదలదు. ఇంట్లో ఒక్క గిన్నెనే అదుపు చేయలేక అవస్థపడే గృహిణులకు, శాఖ తరువాత శాఖలో ఒకే రుచిని నిలపడం ఎంతటి పనో తెలియును. మన ఉత్పత్తి విభాగం వారు కూడ దీనికి తలవంచక తప్పదు.

అక్కడ పళ్ళెంలో అరిటాకు పరచి వడ్డించేవారు. ఆకు తీసివేస్తే పళ్ళెం కడగడం తేలిక. హోటలులో ఎంగిలి బల్లలు తుడిచి బ్రతికిన మనిషికే ఆ విలువ తెలుస్తుందని మాకు తోచింది. పనివారికి వసతి, వైద్యం, సొంత ఊరికి పోయి వచ్చే ఖర్చు, బిడ్డల పెళ్ళిళ్ళకు సాయం లభించేవి. వారు ఆయనను 'అణ్ణాచ్చి', అనగా పెద్దన్నగారు, అని పిలిచేవారు. 1997లో 'వెట్రి మీదు ఆశై వైత్తేన్' (విజయంపై ఆశ పెట్టుకున్నాను) అనే ఆత్మకథ వెలువరించారు. 2000లో దుబాయిలో శాఖ తెరచారు. లండన్, న్యూయార్క్ నగరాలలోని మన వారికి కూడ ఆ దోశ అందింది.

ఇక జ్యోతిష్కుని మాట. ఇరువురు భార్యలున్న రాజగోపాల్, తన సంస్థలో సహాయ మేనేజరుగా పనిచేసిన ఒకరి కుమార్తెను మూడవ భార్యగా చేసుకొనదలచారు. అది కలిసివస్తుందని జ్యోతిష్కుడు చెప్పాడట. ఆ కుటుంబానికి డబ్బు, నగలు ఇచ్చి, వైద్య ఖర్చులు భరించారు. ఆమె అంగీకరించలేదు. తాను కోరిన వానిని వివాహమాడింది. 2001 అక్టోబరులో ఆమె భర్త అపహరణకు గురై హత్య కావించబడ్డాడు. శవం కొడైకెనాల్ కొండలలో దొరికింది. 2004లో సెషన్సు న్యాయస్థానం రాజగోపాల్‌కు పదేళ్ళ శిక్ష విధించగా, 2009లో మద్రాసు హైకోర్టు దానిని హత్యగా నిర్ణయించి యావజ్జీవ శిక్షగా మార్చింది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ శిక్షను ఖాయపరచింది. జులై 9న ఆయన అంబులెన్సులో వచ్చి లొంగిపోయారు, 18న మరణించారు. అప్పటికి ఆ యువతి న్యాయస్థానాల మెట్లెక్కబట్టి పద్దెనిమిది సంవత్సరాలు కావచ్చినది.

"ఎన్ని వేల కుటుంబాలకు అన్నం పెట్టాడు! ఒక్క పాపంతో అదంతా పోతుందా?" అన్నారు మొదటి మిత్రులు.

"ఆ కుటుంబానికీ పెట్టాడు కదండీ! పెట్టినందుకు ఏమి అడిగాడో చూడండి" అన్నారు రెండవ వారు.

మాకు ఈ రెండవ మాటే బరువుగా తోచింది. మన సంస్థలో భవిష్య నిధి చీటీ చేతికి వచ్చినపుడు దానిని ఎవరూ ఆనందంతో కన్నుల కద్దుకొనరు. ఎవరికీ నమస్కరించరు కూడ. ఆ చీటీ వెనుక చట్టమున్నది, అణ్ణాచ్చి లేడు. నీరసమైన ఆ కాగితంపై మాకు ఆ ఉదయం కొంత గౌరవం కలిగిన మాట వాస్తవం. అయినను ఏడవ తరగతితో చదువు ఆగిన ఆ కుర్రవాడిని, నాసిరకం నూనె వాడనన్న ఆ వ్యాపారిని మరచిపోవడం కూడ మా వల్ల కాలేదు.

ఇంతలో ఎంగిలి ఆకులు తీయడానికి ఒక కుర్రవాడు వచ్చాడు. రెండవ మిత్రులు తనకు వచ్చిన కొద్దిపాటి తమిళంలో, "భవిష్య నిధి కోస్తారా తంబీ?" అని అడిగారు. ఆ సంగతి తనకు తెలియదని, ముదలాళి మంచివారని, పొంగలుకు ఊరికి పోవడానికి డబ్బిస్తారని అతడు నవ్వుతూ చెప్పి, పళ్ళేలు ఎత్తుకొని లోపలికి పోయాడు.