ఒకే గాడిలో రెండు నాదములు

గ్రామఫోను రికార్డుపై గల గాడి ఒక్కటియే. దానిలో నడచు సూదియు ఒక్కటియే. అయినను స్టీరియో రికార్డును మ్రోయించినప్పుడు వీణ ఎడమవైపునుండియు, మృదంగము కుడివైపునుండియు వేరువేరుగా వినవచ్చును. ఒక్క గాడిలో రెండు నాదములు ఎట్లు ఇమిడినవి? అవి ఒకదానితో ఒకటి కలిసిపోకుండ సూది వానిని మరల ఎట్లు విడదీయుచున్నది? దీనికి సమాధానము రికార్డును వినిపించు యంత్రములో కంటె, దానిని చెక్కు యంత్రములోనే స్పష్టముగా కానవచ్చును. చెక్కు ములుకును పట్టి ఆడించు పనిముట్టునకు కటింగ్ హెడ్ అని పేరు. దానిని ఇంటనే స్వయముగా నిర్మించుకొను ఔత్సాహికులు నేడు పలు దేశములలో కలరు. వారి పని ఎట్లు సాగునో చూచినచో ఈ విద్యలోని మర్మము మనకు బోధపడును.

1877లో ఎడిసన్ నిర్మించిన ఫోనోగ్రాఫులో సూది క్రిందికి మీదికి కదలుచు ధ్వనిని లిఖించెడిది. 1887లో బెర్లినర్ ప్రారంభించిన గ్రామఫోను పద్ధతిలో సూది ప్రక్కలకు కదలును. ఈ రెండు చలనములను ఒకే గాడిలో కూర్చి రెండు నాదములను వ్రాయవచ్చునని ఇంగ్లాండులో ఆలన్ బ్లూమ్‌లైన్ అను ఇంజనీరు తలచి, 1931 డిసెంబరు 14వ తేదీన పేటెంటునకు దరఖాస్తు చేసెను. 1934లో లండనులోని ఆబీ రోడ్ స్టూడియోలో థామస్ బీచం నిర్వహణలో మొజార్ట్ రచించిన జూపిటర్ సింఫనీని ఈ విధముగా ప్రయోగాత్మకముగ రికార్డు చేసిరి. కాని యుద్ధము వచ్చెను. 1942 జూన్ 7న రాడారు పరీక్షలకై పోయిన విమానము కూలి బ్లూమ్‌లైన్ మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 38 ఏండ్లు. అమెరికాలో వెస్ట్రెక్స్ సంస్థ ఇదే సూత్రముపై చేసిన హెడ్‌ను 1957లో ప్రదర్శించగా, 1958లో స్టీరియో రికార్డులు అంగళ్లకు వచ్చినవి. తన ఊహ ఇంటింట పాడుట ఆయన వినలేకపోయెను.

ఇక సూత్రము. గాడిని అడ్డముగా కోసి చూచినచో అది ఇంగ్లీషు అక్షరమగు 'వి' వలె నుండును. దాని రెండు గోడలును రికార్డు తలమునకు 45 డిగ్రీల వాలులో నుండి, తమలో తాము 90 డిగ్రీల కోణము చేయును. రికార్డు కేంద్రమునకు దగ్గరగా నున్న లోపలి గోడ ఎడమ నాదమునకు, అంచువైపునున్న వెలుపలి గోడ కుడి నాదమునకు కేటాయింపబడినవి. ములుకును లోపలి గోడ వాలు వెంబడి జార్చినచో ఏమగును? లోపలి గోడ చెక్కుచెదరదు. ఎదుటి గోడ మాత్రమే లోనికో వెలికో జరుగును. రెండవ వాలు వెంబడి జార్చినను ఇట్లే. సమకోణములో నున్న రెండు దిక్కులు పరస్పరము అంటుకొనవు. నాదములు కలిసిపోకుండుటకు కారణమిదియే.

కావున హెడ్‌లో రెండు చోదకములు కావలెను. ఔత్సాహికులు సాధారణముగా చిన్న లౌడుస్పీకరులను గ్రహించి, కాగితపు శంకువును తీసివేసి, అయస్కాంతమును తీగచుట్టను మాత్రము ఉంచుకొందురు. వీనిని దృఢమైన అల్యూమినియము దిమ్మపై, ఒకదానికొకటి 90 డిగ్రీలలో, రికార్డునకు 45 డిగ్రీలలో బిగింతురు. ఒక్కొక్క తీగచుట్టనుండి ఒక సన్నని కడ్డీ బయలుదేరి ములుకు పిడిని చేరును. ఈ కడ్డీ నిలువున నెట్టునప్పుడు వంగరాదు; ప్రక్కకు మాత్రము సులభముగా వంగవలెను. ప్రక్కకు వంగనిచో కుడి చోదకము చేయు పనికి ఎడమ కడ్డీ అడ్డుపడును. ఈ రెండు గుణములను ఒకే కడ్డీలో సాధించుటయే ఇంటి పనివానికి మొదటి పరీక్ష.

రెండు తీగచుట్టలకును ఒకే నాదమును ఒకే తీరున పంపినచో రెండును కలిసి ములుకును క్రిందికి నెట్టును. అట్లయిన గాడి లోతుగా దిగును, లేక ములుకు రికార్డును విడిచి పైకి లేచును. అందుచేత ఒక చుట్టకు తీగలను తారుమారుగా కలుపుదురు. అప్పుడు ఒకటి నెట్టగా రెండవది లాగును. ములుకు చక్కగా ప్రక్కకు కదలును. కనుక గాడి ప్రక్కవాటు చలనము రెండు నాదముల మొత్తము. నిలువు చలనము వాని తేడా. పాత మోనో గ్రామఫోను ప్రక్కవాటు చలనమునే గ్రహించును గనుక దానిలో పాట లోపము లేక వినవచ్చును. రేడియో శ్రోతలకు ఇది క్రొత్త సంగతి కాదు. 1961లో అమెరికాలో అంగీకరింపబడిన ఎఫ్.ఎం. స్టీరియో ప్రసార విధానములోను మొత్తమును ప్రధాన ప్రసారముగా, తేడాను వేరొక ఉపవాహక తరంగముపై పంపుదురు. మోనో రేడియో మొత్తమును మాత్రమే వినిపించి తృప్తిపడును.

రెండవ పరీక్ష అనునాదము. బరువును స్ప్రింగును కలిగిన ప్రతి వస్తువునకు తనకిష్టమైన ఒక కంపన వేగము కలదు. ఆ స్వరము వచ్చినప్పుడు హెడ్ అదుపు తప్పి ఊగును. అంతకు మించిన స్వరములకు క్రమముగా బద్ధకించును. దీనికి విరుగుడు ప్రతిపోషణము. కడ్డీపై మరియొక చిన్న తీగచుట్టను అమర్చినచో అది ములుకు నిజముగా ఎంత వేగముతో కదలినదో విద్యుద్రూపమున తెలుపును. ఆంప్లిఫయరు ఆ వార్తను అసలు నాదముతో పోల్చి, ఎక్కువైన తగ్గించి, తక్కువైన హెచ్చించును. అయితే వార్త ఆలస్యముగా వచ్చినచో దిద్దుబాటు తలక్రిందులై, తగ్గింపవలసినది హెచ్చింపబడును. హెడ్ ఈలవేసి, తీగచుట్ట క్షణములో మాడిపోవును. అందుచేత ఫ్యూజు లేక పని ప్రారంభింపరాదు. ప్రతిపోషణమును కొద్దికొద్దిగా మాత్రమే పెంచవలెను.

తీగచుట్ట మాడుటకు మరియొక కారణము కలదు. రికార్డు చెక్కునప్పుడు మంద్రస్వరములను తగ్గించి, తారస్వరములను పెంచుట నియమము. సెకనుకు 1,000 కంపనములు గల స్వరముతో పోల్చినచో 20,000 కంపనముల స్వరమునకు వోల్టేజి దాదాపు పదిరెట్లు హెచ్చును. శక్తి సుమారు తొంబది రెట్లగును. ఇంత వేడిని వెంట్రుక వంటి తీగ భరింపవలెను. పెద్ద సంస్థల హెడ్‌లలో హీలియము వాయువును పంపి చల్లబరచెడివారు.

చెక్కబడు పలక అల్యూమినియముపై నైట్రోసెల్యులోస్ లక్క పూసినది. నీలపు ములుకునకు సన్నని తీగచుట్టి కొద్దిగా వేడిచేసినచో కోత నునుపై, గరగర తగ్గును. గాడినుండి లేచు దారము వంటి తురుమును గాలితో పీల్చివేయవలెను. అది అతి త్వరగా అంటుకొనును గనుక దీపమును గాని చుట్టను గాని దరిచేరనీయరాదు.

హెడ్ సిద్ధమైన పిమ్మట పరీక్ష సులభము. ఎడమ నాదమును మాత్రమే చెక్కి, మ్రోయించి, కుడివైపున ఎంత చొరబడినదో కొలువవలెను. చొరబాటు పదవవంతు వోల్టేజికి తగ్గినచో, అనగా 20 డెసిబెల్‌ల వేర్పాటు లభించినచో, ఇంటి పనికి అది మెచ్చదగినదే.

ఇంత శ్రమ యెందుకని అడుగవచ్చును. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని బ్యానింగ్ పట్టణములో అపోలో మాస్టర్స్ కర్మాగారము దగ్ధమైనప్పుడు, ప్రపంచమునకంతకు లక్క పలకలను అందింపగలది జపానులోని మరియొక కర్మాగారము మాత్రమే మిగిలెను. ఒక విద్య ఒకటి రెండు కప్పుల క్రిందనే నిలిచినప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలును. నాటి పెద్ద సంస్థల హెడ్‌లు నేడు అరుదు. వానిని బాగుచేయు చేతులు అంతకంటె అరుదు. ఇంట హెడ్‌ను నిర్మించువాడు వెస్ట్రెక్స్‌ను మించవలెనని లేదు. వాని చేతిలో హెడ్‌తోపాటు దానిని చేయు తెలివియు నిలుచును. ఇక మీదట మీ యింట స్టీరియో రికార్డు మ్రోగునప్పుడు, రెండు వాలు గోడల నడుమ ఒంటరిగా నడచు ఆ సూదిని ఒకసారి తలచుకొనుడు.