ఎవరొస్తే మనకేంది?

విజయవాడ హైవే ఔటర్ రింగ్ రోడ్డును కలిసే చోట ఉంది పెద్ద అంబర్‌పేట్. ఎన్నికలొస్తే అన్ని ఊళ్లలోలాగే ఇక్కడా ఓ మాట వినిపిస్తుంది: "ఎవలు గెలిస్తే మనకేంది? పన్నులు కట్టుడు తప్పదు, రోగమొస్తే అప్పు చేసుడు తప్పదు." ఆ విసుగు నిజమే. లెక్క మాత్రం తప్పు.

అపోహ: పెట్రోలు ధర ఢిల్లీ చేతిలోనే ఉంది.

వాస్తవం: పెట్రోలు, డీజిలు ఇంకా జీఎస్టీలోకి రాలేదు. కేంద్రం ఎక్సైజ్ సుంకం వేస్తే, రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. తెలంగాణలో అది పెట్రోలుపై 35.2 శాతం, డీజిలుపై 27 శాతం. 2015లో పెంచిన రేట్లివి. 2021 నవంబరులో కేంద్రం లీటరు పెట్రోలుపై 5, డీజిలుపై 10 రూపాయలు తగ్గించినప్పుడు బీజేపీ పాలిత రాష్ట్రాలు వ్యాట్ కూడా తగ్గించాయి. తెలంగాణ తగ్గించలేదు. సెస్సులు పెంచిన కేంద్రమే వాటిని ఎత్తేయాలని అప్పటి ప్రభుత్వం వాదించింది. 2023లో ప్రభుత్వం మారినా ఆ రేట్లు అలాగే ఉండిపోయాయి. 'అందరూ ఒకటే' అనేవారికి ఇక్కడ ఒక మార్కు వేయాల్సిందే.

అపోహ: జీఎస్టీలో రాష్ట్రాల మాట చెల్లదు.

వాస్తవం: జీఎస్టీ కౌన్సిల్‌లో ఓట్ల బరువు కేంద్రానిది మూడో వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండు వంతులు. నిర్ణయానికి నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలి. వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై 18 శాతం పన్నును 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేసింది ఆ కౌన్సిలే. అందులో తెలంగాణ కుర్చీలో ఎవరు కూర్చోవాలో తేల్చేది అసెంబ్లీ ఎన్నికే.

అపోహ: ఆరోగ్యశ్రీ ఎలాగూ ఉంటుంది, ఏ ప్రభుత్వమైనా ఇవ్వాల్సిందే.

వాస్తవం: పథకం నిలిచిన మాట నిజం. 2007లో మూడు జిల్లాల్లో మొదలై, ఇన్ని ప్రభుత్వాలు మారినా పోలేదు. కానీ ఎంత ఖర్చు వరకు చెల్లిస్తారన్నది ఓటుతో కదిలింది. ఆరు గ్యారంటీలతో గెలిచిన కాంగ్రెస్ ప్రభుత్వం ప్రమాణ స్వీకారం చేసిన రెండు రోజులకే, 2023 డిసెంబరు 9న, ఆ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. అయితే పరిమితి పెరిగినంత మాత్రాన వైద్యం అందినట్టు కాదు. బకాయిలు అందలేదని 2025 సెప్టెంబరులో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. చర్చల తర్వాతే తలుపులు తెరుచుకున్నాయి. మేనిఫెస్టోలో అంకె చూసి మురిసిపోయేవారు బడ్జెట్‌లో కేటాయింపు, దాని విడుదల కూడా చూడాలి.

ఆసుపత్రి ఎక్కడ కట్టాలన్నదీ ప్రభుత్వ నిర్ణయమే. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ అక్కడి నుంచి కదిలి, పెద్ద అంబర్‌పేట్‌కు దగ్గర్లోని బాటసింగారానికి వచ్చింది. గడ్డిఅన్నారంలో మార్కెట్ ఉన్న పాత స్థలంలో వెయ్యి పడకల ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది.

అపోహ: ఇంటి పన్ను అధికారుల వ్యవహారం.

వాస్తవం: 2020 నవంబరులో, జీహెచ్‌ఎంసీ ఎన్నికలకు కొద్ది రోజుల ముందు, రాష్ట్ర ప్రభుత్వం ఇంటి పన్నులో సగం రాయితీ ప్రకటించింది. జీహెచ్‌ఎంసీలో 15 వేల లోపు, మిగతా పట్టణాల్లో 10 వేల లోపు పన్ను కట్టేవారికి అది వర్తించింది. ముహూర్తం కాకతాళీయమని ఎవరైనా అంటే నవ్వుకోవచ్చు. పక్క రాష్ట్రంలో వైసీపీ హయాంలో వచ్చిన చెత్త పన్నును 2024లో గెలిచిన కూటమి ప్రభుత్వం రద్దు చేసింది.

అపోహ: ఒక్క ఓటుతో ఏమవుతుంది?

వాస్తవం: పెద్ద అంబర్‌పేట్ ఉన్న ఇబ్రహీంపట్నం నియోజకవర్గంలో 2018లో గెలుపోటముల తేడా 376 ఓట్లు. (అవి అటూ ఇటూ అయినా ప్రభుత్వం మారేది కాదులెండి; టీఆర్ఎస్‌కు 88 సీట్లొచ్చాయి.) వార్డు స్థాయిలోనైతే ఇంతకంటే తక్కువ ఓట్లే ఫలితాన్ని తేల్చేస్తాయి.

మున్సిపల్ పాలకవర్గాల గడువు 2025 జనవరిలో ముగిసింది. అదే ఏడాది డిసెంబరులో పెద్ద అంబర్‌పేట్‌తో సహా 27 పట్టణ సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలిపేశారు. అప్పుడు ఈ ఊరి తరఫున ప్రశ్నించడానికి కౌన్సిలరంటూ ఒక్కరూ పదవిలో లేరు. ఇకపై ఓటడగడానికి వచ్చినవారిని ఇంటి పన్ను ఎంతవుతుందో, దగ్గర్లోని సర్కారు దవాఖానకు ఏం చేస్తారో అడిగి, జవాబు రాసిపెట్టుకోండి.