పేరు గొప్పదా, ఓడ గొప్పదా? – కునార్డ్ నౌకాసంస్థ కీర్తిపై ఒక విచారణ

"పేరు గొప్ప, ఊరు దిబ్బ" అని తెలుగువారును, "ఊంచీ దుకాన్, ఫీకా పక్వాన్" అని ఉర్దూ మాటలాడువారును చిరకాలముగా చెప్పుకొనుచున్నారు. ఈ రెండు భాషలను ఒకే ప్రాంగణములో వినుచు చదువుకొనుచున్న మనకు, ఈ రెండు సామెతలును ఒకే అనుభవము నుండి పుట్టినవని వేరుగ చెప్పనక్కరలేదు. ఒక పేరు విని నమ్మి, ధనము చెల్లించి, తీరా చూచినపుడు వస్తువు ఆ పేరుకు తగినట్లు లేకపోవుట మానవులందరికిని తెలిసిన బాధయే. అయితే ప్రతి గొప్ప పేరును మోసమే అనుకొనుట కూడ తొందరపాటు. పేరెట్లు వచ్చినది, ఇప్పుడు దానిని ఏది నిలుపుచున్నది అని విచారించుట విద్యావంతుల పని. అట్టి విచారణకు ప్రపంచప్రసిద్ధమైన ఒక నౌకాసంస్థను ఉదాహరణగా తీసికొనుచున్నాము. అది ఇంగ్లండుకు చెందిన కునార్డ్ సంస్థ.

నౌకలనే ఎందుకు ఎన్నుకొంటిమని పాఠకులు ప్రశ్నింపవచ్చును. బట్టను కొనువాడు చేతితో తడిమి చూచును. బియ్యమును కొనువాడు నాలుగు గింజలు కొరికి చూచును. విహారనౌకలో టిక్కెట్టు కొనువానికి అట్టి అవకాశము లేదు. ప్రయాణమునకు ఎన్నో నెలల ముందే సొమ్ము చెల్లింపవలెను. నౌక రేవు విడిచిన తరువాత గది నచ్చలేదనియో, భోజనము బాగుగ లేదనియో దిగిపోవుటకు వీలులేదు. కావున అక్కడ పరీక్షకు బదులుగా నిలుచునది పేరొక్కటే. 2022 జూన్ నెలలో మన విశాఖపట్నము రేవు నుండి కూడ విహారనౌక బయలుదేరినది. ఇక మీదట ఈ ప్రశ్న మన ప్రాంతపు కుటుంబములకు కూడ వచ్చునదే.

కునార్డ్ సంస్థ కథ విలాసముతో మొదలు కాలేదు. కెనడాలోని హాలిఫాక్స్ పట్టణమునకు చెందిన శామ్యూల్ కునార్డ్ అను వర్తకుడు, అట్లాంటిక్ మహాసముద్రము మీదుగా ఉత్తరములను చేరవేయుటకు 1839లో బ్రిటిషు ప్రభుత్వముతో ఒప్పందము చేసికొనెను. 1840 జులై 4న "బ్రిటానియా" అను ఆవిరినౌక లివర్‌పూల్ నుండి బయలుదేరెను. అది చెక్కతో కట్టబడి, ప్రక్క చక్రములతో నడచు చిన్న ఓడ. 115 మంది ప్రయాణికులకు మాత్రమే అందు చోటుండెను. 1842 జనవరిలో ప్రసిద్ధ నవలాకారుడు చార్లెస్ డికెన్సు ఆ నౌకలోనే అమెరికాకు ప్రయాణము చేసెను. తనకు దొరకిన గది ఎంత ఇరుకైనదో తన యాత్రాగ్రంథములో హాస్యముగా వర్ణించెను. సముద్రపు పోటుకు బాధపడిన ఆయన తిరుగు ప్రయాణమునకు తెరచాప ఓడనే ఎన్నుకొనెను. అనగా తొలినాళ్లలో కునార్డ్ పేరు సౌఖ్యము వలన వచ్చినది కాదని స్పష్టము.

మరి దేని వలన వచ్చినది? దీనికి సమాధానము పోటీదారుల చరిత్రలో కలదు. 1850లో అమెరికాకు చెందిన కాలిన్స్ సంస్థ రంగములోనికి వచ్చినది. దాని నౌకలు కునార్డ్ నౌకలకంటె పెద్దవి, వేగము గలవి, అలంకరణలో మిన్నయైనవి. ప్రయాణికులు వాటినే మెచ్చుకొనిరి. కాని 1854 సెప్టెంబరులో ఆ సంస్థవారి "ఆర్కిటిక్" నౌక న్యూఫౌండ్‌లాండు సమీపమున పొగమంచులో మరియొక ఓడను ఢీకొని మునిగిపోయెను. అందలి స్త్రీలలోను పిల్లలలోను ఒక్కరును బ్రతుకలేదు. 1856లో "పసిఫిక్" అను వారి మరొక నౌక జాడ తెలియకుండ పోయెను. 1858 నాటికి ఆ సంస్థ మూతపడెను. కునార్డ్ మాత్రము వేగముకంటె క్షేమమే ముఖ్యమను నియమమును పాటించి నిలిచెను. తివాచీలలో ఓడిపోయినవాడు నమ్మకములో గెలిచెనన్నమాట. ఈ సంస్థ కీర్తికి పునాది ఇదియే అని మా అభిప్రాయము.

విలాసమునకు పేరు తరువాతి కాలములో వచ్చినది. 1907లో "లూసిటేనియా", "మారిటేనియా" అను మహానౌకలు సేవలో ప్రవేశించెను. మారిటేనియా అట్లాంటిక్ దాటుటలో 1909 నుండి 1929 వరకు ఇరువది సంవత్సరములు వేగపు గౌరవమును నిలుపుకొనెను. 1912లో టైటానిక్ మునిగినపుడు ప్రాణములతో మిగిలిన సుమారు 700 మందిని రక్షించినది కునార్డ్ వారి "కార్పేథియా" నౌకయే. 1934లో ఆ టైటానిక్ యజమానియైన వైట్ స్టార్ సంస్థ కునార్డ్‌తో విలీనమైనది. 1936లో "క్వీన్ మేరీ" తొలి ప్రయాణము చేసినది. నేటికిని మనకు కనబడు పాత ఛాయాచిత్రములలోని దీపతోరణములు, సంగీతగోష్ఠులు, పట్టుదుస్తుల విందులు ఆ కాలమునకు చెందినవి.

ఇక్కడ ఒక విషయమును మరువరాదు. ఆ చిత్రములన్నియు మొదటి తరగతివి. ఆ నౌకల క్రింది అంతస్తులలో జీవనోపాధికై అమెరికాకు వలసపోవు పేదలు వేలకొలది ప్రయాణము చేసిరి. ఒకే ఓడ, ఒకే పేరు. అనుభవములు మాత్రము రెండు. పైవారి వర్ణనలు గ్రంథములకెక్కినవి. క్రిందివారి మాట చాలవరకు వారితోనే పోయినది. కావున "ఈ సంస్థ గొప్పది" అని ఎవరైన అన్నపుడు, ఎవరికి గొప్పది అని అడుగుట విద్యార్థి ధర్మము.

1958లో జెట్ విమానములు అట్లాంటిక్‌ను దాటసాగినవి. అయిదారు దినముల ప్రయాణము కొన్ని గంటలకు తగ్గినది. పాత మహానౌకలు ఒక్కొక్కటిగా విశ్రాంతి పొందినవి. 1969లో సేవ ప్రారంభించిన "క్వీన్ ఎలిజబెత్ 2" కొంతకాలము సముద్రయానమునకు, కొంతకాలము విహారమునకు ఉపయోగపడుచు 2008 వరకు నడచినది. ఈ మధ్యలో యజమానులు మారిరి. 1971లో ట్రఫాల్గర్ హౌస్ అను సంస్థయు, 1996లో నార్వేకు చెందిన క్వెర్నర్ సంస్థయు, 1998లో అమెరికాకు చెందిన కార్నివాల్ సంస్థయు కునార్డ్‌ను చేజిక్కించుకొనెను. పేరు పాతదే, పెట్టుబడి, యాజమాన్యము, లెక్కలు క్రొత్తవి. కీర్తిని కొనుగోలు చేయవచ్చును. దానిని సంపాదించిన మనుష్యులను కొనుటకు మాత్రము వీలులేదు.

ఇప్పుడు వాద ప్రతివాదములను వినుదము. కునార్డ్ పేరుకు తగినట్లు లేదని వాదించువారు మొదట 1994 డిసెంబరును గుర్తు చేయుదురు. జర్మనీలో జరుగుచున్న మరమ్మతులు పూర్తికాకముందే "క్వీన్ ఎలిజబెత్ 2"ను పండుగ ప్రయాణమునకు సౌతాంప్టన్ నుండి బయలుదేరదీసిరి. పనివాండ్రు పని చేయుచుండగనే ప్రయాణికులు సముద్రముపై గడిపిరి. స్నానపు గదులు, నీటిగొట్టములు సరిగ లేవు. కొందరు టిక్కెట్టు ఉండియు ఎక్కలేకపోయిరి. సంస్థ తుదకు నష్టపరిహారము చెల్లింపవలసివచ్చినది. 2006 జనవరిలో "క్వీన్ మేరీ 2" అమెరికాలోని ఫ్లారిడా రేవు నుండి వెడలునపుడు దాని చోదకయంత్రములలో ఒకటి కాలువ గట్టుకు తగిలి చెడిపోయినది. వేగము తగ్గుటచే ముందు చెప్పిన మూడు రేవులలో ఆగకయే నౌక సాగినది. మొదట సగము సొమ్ము ఇచ్చెదమన్న సంస్థ, ప్రయాణికులు గట్టిగా నిరసన తెలిపిన పిమ్మట మొత్తము సొమ్ము తిరిగి ఇచ్చెను. 2011లో తన నౌకల నమోదును బ్రిటను నుండి బెర్ముడాకు మార్చినది. నౌకపై వివాహములు జరుపుటకు వీలగునని అందుకు కారణము చెప్పినది. నౌక వెనుక భాగమున "సౌతాంప్టన్" అను పేరు పోయి "హామిల్టన్" అను పేరు వచ్చినది. 2025 వసంతకాలములో "క్వీన్ మేరీ 2" పై ఒకే ప్రయాణములో 200 మందికి పైగా ప్రయాణికులు నోరోవైరస్ అను వాంతుల వ్యాధికి గురియైరి.

రెండవ పక్షమువారి సమాధానము కూడ తేలికైనది కాదు. 2004లో ప్రవేశించిన "క్వీన్ మేరీ 2" కేవలము తేలియాడు హోటలు కాదందురు. 345 మీటర్ల పొడవు గల ఆ నౌకను అట్లాంటిక్ తుపానులను తట్టుకొనునట్లు బలమైన కట్టడముతో, పొడవైన ముందు భాగముతో నిర్మించిరి. అది అవసరమైనచో గంటకు సుమారు 30 నాటికల్ మైళ్ల వేగముతో పోగలదు. దానిలోని గ్రంథాలయము సముద్రముపై నున్న గ్రంథాలయములలో పెద్దవాటిలో ఒకటి. వ్యాధి విషయమున, వేలమంది ఒకేచోట తిని తిరుగు ఏ నౌకయైనను దాని నుండి తప్పించుకొనలేదనియు, అదే సంవత్సరమున ఇతర సంస్థల నౌకలలో కూడ అట్టి వ్యాధి కనిపించినదనియు వారందురు. ఈ మాటలు నిజమే. తప్పు జరిగినపుడు పరిహారము చెల్లించుట కూడ నాణ్యతలో ఒక భాగమే. అయితే నిరసన లేకుండగనే చెల్లించియుండినచో మరింత శోభించెడిది.

వాదములు ఇట్లుండగా, సామాన్యుడు తీర్పు చెప్పుకొనుటకు కొన్ని కొలతలు కలవు. మొదటిది చోటు. నౌక యొక్క స్థూల టన్నేజి అనునది బరువు కాదు. లోపలి ఘనపరిమాణపు కొలత. దానిని ప్రయాణికుల సంఖ్యచే భాగించినచో ఒక్కొక్కరికి ఎంత చోటు వచ్చునో తెలియును. "క్వీన్ మేరీ 2" కట్టబడిననాటి టన్నేజి 1,48,528. గదికి ఇద్దరు చొప్పున ప్రయాణికులు సుమారు 2,620. భాగించినచో సుమారు 57 వచ్చును. 2024లో ప్రవేశించిన "ఐకాన్ ఆఫ్ ద సీస్" అను అతిపెద్ద నౌకకు అదే లెక్క సుమారు 44. కాని ఆ కార్నివాల్ యాజమాన్యమునందే ఉన్న సీబోర్న్ సంస్థవారి చిన్న నౌకలలో ఇది సుమారు 70 వరకు కలదు. అనగా కునార్డ్ సామాన్య నౌకలకంటె పైన, మహావిలాస నౌకలకంటె క్రింద నిలుచుచున్నది. ప్రకటనల భాష మాత్రము అన్నిటికంటె పైమెట్టుదే.

రెండవ కొలత పరిశుభ్రత. అమెరికా రేవులకు వచ్చు విహారనౌకలను అక్కడి ప్రభుత్వ ఆరోగ్యశాఖవారు ముందుగా తెలుపకయే తనిఖీ చేసి నూటికి మార్కులు వేయుదురు. 85 గాని, అంతకు తక్కువ గాని వచ్చినచో తప్పినట్లు లెక్క. ఆ మార్కులు అందరికిని ప్రకటింపబడును. మన పరీక్షాఫలితములవలె వాటిని ఎవరైనను చూడవచ్చును. మూడవ కొలత, నౌక వయస్సు, చివరి మరమ్మతు జరిగిన తేదీ. నాలుగవది, మనము చెల్లించు ధరకు మనకు లభించు తరగతి. కునార్డ్ నౌకలలో నేటికిని గదిని బట్టి భోజనశాల నిర్ణయింపబడును: బ్రిటానియా, ప్రిన్సెస్ గ్రిల్, క్వీన్స్ గ్రిల్ అని మెట్లు కలవు. అత్యధికులు తినునది బ్రిటానియాలో. ప్రశంసలను చదువునపుడు అవి ఏ భోజనశాల నుండి వచ్చినవో చూచుకొనవలెను.

అయిదవ కొలతను ప్రకటనలలో ఎన్నడును చూడము. అది సిబ్బంది స్థితి. ప్రపంచపు విహారనౌకలలో వంట, వడ్డన, గదుల శుభ్రత, ఇంజను పనులు చేయువారిలో భారతీయులు అనేకులు. హోటలు నిర్వహణ చదివిన మన విద్యార్థులలో కొందరు రేపు ఆ కొలువులకే పోవచ్చును. 2006 నాటి నావికశ్రమ ఒడంబడిక ప్రకారము ప్రతి 24 గంటలలో కనీసము 10 గంటలు, ఏడు దినములలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వవలెను. భారతదేశము 2015లో ఈ ఒడంబడికను ఆమోదించినది. తెల్లని చేతితొడుగులతో తేనీరు అందించు చేయి ఎన్ని గంటలు నిద్రపోయినదో విచారింపని నాణ్యత సగము నాణ్యతయే. సంస్థ పేరు చూచి కొలువులో చేరదలచిన యువకుడు కూడ ఒప్పందపత్రమును ఈ దృష్టితో చదువవలెను.

ఈ సందర్భమున మన పెద్దలు ఎక్కిన ఓడలు జ్ఞప్తికి వచ్చుచున్నవి. బొంబాయి నుండి జిద్దాకు హజ్ యాత్రికులను మొగల్ లైన్ నౌకలు దశాబ్దములపాటు చేరవేసినవి. ఆ సముద్రయాత్ర 1995తో ఆగిపోయినది. డెక్కు తరగతిలో పరుపుచుట్టతో పోయిన యాత్రికునికి దీపతోరణములతో పనిలేదు. త్రాగునీరు దొరకునా, వైద్యుడు ఉండునా, వేళకు క్షేమముగా చేరుదుమా అన్నవే అతని ప్రశ్నలు. తరచి చూచినచో 1840లో శామ్యూల్ కునార్డ్ సమాధానము చెప్పవలసివచ్చిన ప్రశ్నలును ఇంచుమించు ఇవియే.

కావున మా తీర్పు ఇది. క్షేమము, గట్టి నిర్మాణము అను విషయములలో కునార్డ్ తన పాత పేరును చాలవరకు నిలుపుకొన్నది. విలాసమను విషయములో పై తరగతివారికి మాట దక్కుచున్నది; మిగిలినవారికి దొరకునది మంచి సేవయే గాని సాటిలేని సేవ కాదు. 1994 వంటి సందర్భములలో పేరును అడ్డుపెట్టుకొని సిద్ధముకాని వస్తువును అమ్ముట జరిగినది. దానిని కీర్తి కప్పిపుచ్చరాదు. కీర్తి సంస్థది, నాణ్యత ఆయా నౌకది, ఆయా సంవత్సరముది. మొదటిదానిని చూచి రెండవదానిని ఊహింపరాదు; విడిగా పరీక్షింపవలెను.

ఈ న్యాయము నౌకలకే పరిమితము కాదు. పూర్వులు సంపాదించిన పేరుతో నడచు ప్రతి సంస్థకును, విద్యాసంస్థలకును ఇది వర్తించును. పట్టా పొందిన విద్యార్థి చేతిలోని కాగితముపై కళాశాల పేరుండును. ఆ పేరు వెనుక నిజముగా ఏమి నేర్పబడినదో, ఏమి నేర్వబడినదో బయటి లోకము మొదటి దినముననే కనిపెట్టును. పెద్దలు కట్టియిచ్చిన పేరు మనకు మొదటి తలుపు తెరచును. రెండవ తలుపును మాత్రము మన పనియే తెరువవలెను. ఈ మాటను విద్యార్థిమిత్రులును, కళాశాల పాలకవర్గమువారును సహృదయముతో గ్రహింతురని ఆశించుచున్నాము.