ఉదయపు రేడియో: పాట పక్కన మాట

ఉదయం రేడియో పెట్టగానే ఒక భక్తిగీతం, ఆ వెంటనే వార్తలు, తరువాత ఒక సినిమా పాట, మధ్యలో ఎవరో కళాకారునితో ముచ్చట్లు వినిపిస్తాయి. పైకి ఇదంతా కలగూరగంపలా తోస్తుంది. కాని ఈ కూర్పు వెనుక ఒక ఆలోచన ఉంది. అదేమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

శ్రోత గడియారం

ముందుగా శ్రోతను గమనించండి. ఉదయం వేళ తీరికగా కూర్చుని రేడియో వినేవారు తక్కువ. ఒకరు వంటపనిలో ఉంటారు, ఒకరు బడికి తయారవుతుంటారు. చేతులకు పని ఉంటుంది, చెవులకు తీరిక ఉంటుంది. అందుకే ఉదయపు అంశాలలో చాలావరకు చిన్నవిగానే ఉంటాయి. మధ్యమధ్య సమయం చెబుతారు. ఆలస్యంగా విన్నవారి కోసం అతిథి పేరును మళ్ళీ గుర్తు చేస్తారు.

ఇరుగుపొరుగు అంశాలు

1948లో ప్రారంభమైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు తీర్చిదిద్దిన ‘భక్తిరంజని’ తెలుగువారి ఉదయాలలో భాగమైంది. కచేరీలకు వెళ్ళే అలవాటు లేని ఇళ్ళలోకి కూడా కీర్తనలు, తత్వాలు అలా చేరాయి. 1974 జూన్ 30న ఆకాశవాణి సంస్కృత వార్తలు మొదలయ్యాయి. ఏడు గంటల ఐదు నిమిషాలకు వచ్చే తెలుగు వార్తల కోసం రేడియో పెట్టుకున్నవారికి, అంతకుముందు ఆరు గంటల యాభై ఐదుకు వచ్చే సంస్కృత వార్తలూ చెవిన పడేవి. సంస్కృతం చదవనివారికి సైతం ఆ ప్రారంభ వాక్యాలు నోటికి వచ్చేశాయి. కావాలనుకున్న అంశం పక్కన అనుకోని అంశాన్ని ఉంచడమే ఈ కూర్పులోని కీలకం.

పాళ్ళు తప్పితే?

అయితే, మంచిదని తోచినదాన్నే వినిపిస్తే సరిపోతుందా? చరిత్ర చూడండి. 1952లో సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతానికి పెద్దపీట వేసి, సినిమా పాటలను బాగా తగ్గించారు. ఉద్దేశం మంచిదే. కాని శ్రోతలు రేడియో ముల్లును సిలోన్ వైపు తిప్పేశారు! రేడియో సిలోన్‌లో ఉదయం పాత సినిమా పాటల కార్యక్రమం సైగల్ పాటతో ముగిసేది. ఎనిమిది గంటలకు ముందు వచ్చే ఆ పాట కోసం దేశమంతటా ఎదురుచూసేవారు. చివరకు 1957 అక్టోబరు 3న ఆకాశవాణి ‘వివిధ భారతి’ని ప్రారంభించి సినిమా పాటలకు చోటు కల్పించింది.

తెలిసినదాని నుంచి తెలియనిదానికి

వివిధ భారతిలో ఉదయం వచ్చిన ‘సంగీత్ సరిత’ ఈ చిక్కుకు చక్కని జవాబు చెప్పింది. పదిహేను నిమిషాల ఆ కార్యక్రమంలో ఒక సంగీత విద్వాంసుడు అతిథిగా వచ్చి రాగాన్ని పరిచయం చేసేవారు. ఆ రాగంలోని సినిమా పాటను, శాస్త్రీయ గానాన్ని పక్కపక్కన వినిపించేవారు. ఒక ఉదాహరణ చూద్దాం. ‘మాయాబజార్’ (1957) చిత్రంలోని వెన్నెల పడవ పాట మోహన రాగంలో ఉంది. ‘స రి గ ప ద’ అనే ఐదు స్వరాల రాగమిది; హిందుస్తానీలో దీనికి సాటి భూప్. ఆ పాట మీకు తెలుసు, రాగం పేరు తెలియకపోవచ్చు. పాట విన్నాక రాగం గురించి చెబితే, అది కొత్త పాఠంలా కాక పాత చుట్టంలా అనిపిస్తుంది. అతిథి మాట రెండింటి మధ్య వంతెన అవుతుంది.

నేడు ఫోనులో కోరిన పాట కోరినప్పుడు వినవచ్చు. అది గొప్ప సౌకర్యమే. కాని మీరు విన్నవాటిని పోలినవే మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంటే, మీరు ఎన్నడూ అడగని మంచి సంగీతాన్ని మీకు పరిచయం చేసేదెవరు?

రేపు ఉదయం ఒక గంట రేడియో వినండి. మీరు కోరుకున్న అంశాలను ఒక వరుసలో, అనుకోకుండా విన్నవాటిని మరో వరుసలో రాయండి. వారం గడిచాక రెండో వరుసలోని వాటిలో ఎన్ని మొదటి వరుసలోకి మారాయో చూడండి.