'పిల్లల మిత్రుడు' ఏం చెప్పాడు?

ఇంగ్లండులో 1824లో పిల్లల కోసం ఒక చిన్న మాసపత్రిక పుట్టింది. పేరు 'చిల్డ్రన్స్ ఫ్రెండ్', అంటే పిల్లల మిత్రుడు. వెల ఒక్క పెన్నీ. చిన్న పుస్తకం, లోపల చెక్క అచ్చు బొమ్మలు. సంపాదకుడు విలియం కేరస్ విల్సన్ అనే ఆంగ్లికన్ సంఘకాపరి. 1780లో రాబర్ట్ రేక్స్ గ్లోస్టర్ పట్టణంలో సండే స్కూలు ఆరంభించిన తర్వాత, బడి ముఖమెరుగని కూలీల పిల్లలు బైబిలు చదవడం కోసం అక్షరాలు దిద్దారు. చదవడం వచ్చిన పిల్లవాడికి చదువుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా! అదే ఏడాది రెలిజియస్ ట్రాక్ట్ సొసైటీ కూడా 'చైల్డ్స్ కంపానియన్' అనే పత్రికను తెచ్చింది. పేదల పిల్లల కోసం కాగితం, సిరా ఖర్చుపెట్టినవారిలో సంఘం ముందువరుసలో ఉండడం మనకు సంతోషకరమైన సంగతే.

కానీ విల్సన్ గారి పత్రికలో ఎక్కువగా కనిపించేది మరణం. భక్తిగల పిల్లలు ప్రభువును స్తుతిస్తూ కన్నుమూసిన కథలు ఒకవైపు, మాట వినని పిల్లలు ఉన్నట్టుండి చనిపోయి నిత్యశిక్షకు పోయిన కథలు మరోవైపు. ఆయనకు తొందరపడి తీర్పు తీర్చడం న్యాయం కాదు. సరైన మందులు లేని ఆ కాలంలో పసిబిడ్డల సమాధులు లేని ఊరు లేదు. రేపు చనిపోవచ్చునన్న బిడ్డకు ఈ రోజే సువార్త చెప్పాలన్న ఆత్రం ఆయనది. పిల్లల దగ్గర మరణం మాట ఎత్తకూడదని మేమూ అనం. చిక్కు అక్కడ లేదు.

ఆ 1824లోనే ఆయన కోవన్ బ్రిడ్జి అనే పల్లెలో పేద పాదిరుల కుమార్తెల కోసం వసతి పాఠశాల తెరిచారు. ఏడాదికి ఫీజు 14 పౌన్లు. మిగతా ఖర్చుకు చందాలు పోగుచేశారు. హావర్త్ సంఘకాపరి పాట్రిక్ బ్రాంటీ, భార్యను పోగొట్టుకున్న మనిషి, తన కూతుళ్లు నలుగురిని అక్కడికి పంపారు. చలి గదులు, మాడిన గంజి, దూరపు గుడికి నడక. 1825 వసంతంలో బడిలో జ్వరాలు వ్యాపించాయి. పెద్దమ్మాయి మరియకు క్షయ. ఇంటికి తీసుకొచ్చాక మే 6న చనిపోయింది, వయసు 11. రెండో అమ్మాయి ఎలిజబెత్ జూన్ 15న, పదేళ్లకు. షార్లెట్, ఎమిలీలను తండ్రి ఇంటికి తెచ్చేసుకున్నారు.

మరుసటి ఏడాది సెప్టెంబరులో అదే బడిలో సారా బికర్ అనే 11 ఏళ్ల బాలిక చనిపోయింది. విల్సన్ గారు ఆ సంగతిని తన పత్రికలోనే అచ్చువేశారు, రక్షణ విషయంలో అందరికన్నా ఎక్కువ నమ్మకం కలిగించిన బిడ్డను దేవుడు తీసుకున్నందుకు కృతజ్ఞతలు చెప్పారు. ఆయన నిరీక్షణ నిజమైనదే కావచ్చు. అయితే ఆ పత్రిక చదివే పిల్లలకు అందులో ఏం వినిపించి ఉంటుంది? మంచి పిల్లయితే దేవుడు తీసుకుపోతాడు, చెడ్డ పిల్లయినా చావే!

షార్లెట్ పెద్దయి 1847లో 'జేన్ ఐర్' నవల రాసింది. అందులోని బ్రోకిల్‌హర్స్ట్ అనే పాదిరి ఒక చిన్నపిల్ల చేతిలో అబద్ధాలాడే బిడ్డ అకాల మరణం గురించిన పుస్తకం పెడతాడు. ఆ పాత్ర ఎవరో చాలామంది పాఠకులు ఇట్టే గుర్తుపట్టారు. విల్సన్ గారి పక్షాన వాదించినవారూ ఉన్నారు. చివరి రోజుల్లో ఆయన సైనికుల మధ్య చేసిన సేవ కూడా మరువరానిది. అయినా లోకానికి గుర్తుండిపోయింది ఆ నవలలోని పాదిరే.

యాయీరు కూతురు కూడా ఇంచుమించు మరియ ఈడుదే, పన్నెండేళ్లది. ప్రభువు ఆమెను చెయ్యి పట్టుకుని లేపారు. లేపిన వెంటనే ఆ పిల్లకు ఉపదేశం చెయ్యలేదు, తినడానికేమైనా పెట్టమని ఇంట్లోవాళ్లకు చెప్పారు (మార్కు 5:43). ఈ చిన్నమాట మీద మనం ప్రసంగాలు అరుదుగా వింటాం. మారుమనస్సుకు నడిపించేది దేవుని అనుగ్రహమని పౌలు కూడా రాశాడు (రోమా 2:4).

పత్రికలు కూడా నెమ్మదిగా ఈ దారికొచ్చాయి. అదే ట్రాక్ట్ సొసైటీ 1879 జనవరిలో మగపిల్లల కోసం 'బాయ్స్ ఓన్ పేపర్' అనే వారపత్రిక మొదలుపెట్టింది. వెల మళ్లీ ఒక పెన్నీయే. మొదటి సంచికలో మరణశయ్య కాదు, ఫుట్‌బాల్ ఆట కథ! సొసైటీ పెద్దల్లో కొందరికి ఇది మింగుడు పడలేదు. సంపాదకుడు హచిసన్ మాత్రం పట్టు వదల్లేదు. ఆ పత్రిక 1967 దాకా నడిచింది.

వేసవిలో వీబీఎస్ పుస్తకాలు రాగానే ఉపాధ్యాయులతో కలిసి వాటిని ముందుగా చదవడం మాకు అలవాటు. అగ్నిగుండం బొమ్మలున్న పేజీలను పెద్దల తరగతికి పంపేస్తాం. పిల్లలకు వడ్డించే ఉప్మాను కూడా ముందు రుచి చూస్తాం.