శాస్త్ర పరిశోధనకు, ప్రజలకు మధ్య వారధి.. సైన్స్ కమ్యూనికేషన్ వృత్తి

విశ్వవిద్యాలయాల్లో జరిగే పరిశోధనలను సామాన్యులకు అర్థమయ్యేలా వివరించడం నేడు ఒక ప్రత్యేక వృత్తిగా రూపొందింది. ఈ బాధ్యత నిర్వహించేవారినే సైన్స్ కమ్యూనికేటర్లు అంటారు. వీరి అవసరం ఎంతటిదో గుజరాత్‌లోని సూరత్ నగర అనుభవం తెలియజేస్తుంది.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు వ్యాపించిందన్న వార్త గుప్పుమంది. కొద్ది రోజుల్లోనే లక్షలాది మంది నగరం విడిచి వెళ్లారు. ఔషధ దుకాణాల్లో టెట్రాసైక్లిన్ నిల్వలు నిండుకున్నాయి. దేశవ్యాప్తంగా 50 మందికి పైగా మరణించారు. ప్లేగు బాక్టీరియా వల్ల సోకుతుందని, సకాలంలో చికిత్స అందిస్తే నయమవుతుందని వైద్యశాస్త్రానికి అప్పటికే తెలుసు. అయితే ఆ విషయం ప్రజల్లో నాటుకునేలోపే వదంతులు ఇంటింటికీ చేరాయి.

సూరత్ బహుభాషా నగరం. తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కార్మిక కుటుంబాలు లింబాయత్ తదితర ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడిపింది. ఇటువంటి చోట శాస్త్ర సమాచారం ఒక్క భాషలో వెలువడితే సరిపోదు.

సైన్స్ కమ్యూనికేటర్ ముందుగా పరిశోధన పత్రాన్ని చదివి, శాస్త్రవేత్తతో చర్చించి, అంకెలను సరిచూసుకుంటారు. ఆపై దానిని పత్రికా ప్రకటనగా, రేడియో ప్రసంగంగా, వీడియోగా, పాఠశాల ప్రదర్శనగా మలుస్తారు. సమస్య ఎలా ఎదురైంది, దానిని ఎలా ఛేదించారు అన్న క్రమంలో కథలా చెబితే శ్రోతకు సులభంగా గుర్తుంటుంది. అయితే ఆసక్తి కోసం అతిశయోక్తి పనికిరాదు. ఎలుకలపై ఫలించిన ఔషధాన్ని మనుషులకు సిద్ధమైన మందుగా చెప్పడం ప్రమాదకరం.

ఈ వృత్తికి విజ్ఞానశాస్త్ర పట్టాతో పాటు పాత్రికేయ శిక్షణ ఉపకరిస్తుంది. సూరత్‌లోని వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగం ఉంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ వంటి పరిశోధన సంస్థల్లో ఈ పనికి ప్రత్యేక సిబ్బంది ఉన్నారు. పరిశోధక విద్యార్థులు తమ పరిశోధనను జనరంజకంగా రాసేలా ప్రోత్సహించేందుకు కేంద్ర శాస్త్ర, సాంకేతిక విభాగం 2018లో 'అవ్‌సర్' పోటీని ప్రారంభించి, లక్ష రూపాయల ప్రథమ బహుమతి ప్రకటించింది.

విపత్తు ముంచుకొచ్చిన రోజున అపరిచితుల మాటను ప్రజలు సులభంగా విశ్వసించరు. మామూలు రోజుల్లో తమ భాషలో, తమకు తెలిసిన ఉదాహరణలతో శాస్త్రాన్ని వివరించిన గొంతునే ఆలకిస్తారు. ఆ నమ్మకాన్ని ముందుగానే సంపాదించి పెట్టడమే ఈ వృత్తి పరమార్థం.