వెండి తోమేముందు ఒక్కమాట: ఆ నలుపు మురికి కాకపోవచ్చు

శ్రావణమాసం దగ్గర పడితే చాలు, మన గ్రూపుల్లో ఒకటే చర్చ. వెండి సామాను తళతళలాడాలంటే ఏం చేయాలి? ఒకరు అల్యూమినియం ఫాయిల్, వంటసోడా వీడియో పెడతారు. ఇంకొకరు ఇక్కడి సూపర్ మార్కెట్లో దొరికే డిప్ సీసా ఫోటో పెడతారు. రెండూ నిమిషాల్లో పనిచేస్తాయి, నిజమే. కానీ అమ్మ ఇచ్చిన కుంకుమ భరిణె మీద లతలు, అత్తగారి పళ్లెం అంచున చెక్కిన పేరు ఉంటే మాత్రం కాస్త ఆగండి. ఆ గీతల్లోని నలుపు పనివాడు కావాలని పెట్టింది కావచ్చు.

ఎందుకు పెడతారంటారా? మెరిసే లోహం మీద చెక్కిన సన్నగీత కూడా మెరుస్తూనే ఉంటుంది, అందుకే కంటికి ఆనదు. లోతులో నలుపు, పైన మెరుపు ఉంటేనే పువ్వు పువ్వులా కనిపిస్తుంది.

ఏ లోహానికి ఏ నలుపు?

వెండికి గంధకం. పొటాషియం, గంధకం కలిసిన "లివర్ ఆఫ్ సల్ఫర్"ని వేడినీళ్లలో కరిగించి ముంచితే వస్తువంతా నల్లబడుతుంది. పైభాగం మెరుగు పెడితే నలుపు గీతల్లోనే మిగులుతుంది. మనం "ఆక్సిడైజ్డ్" వెండి అంటాం గానీ, నిజానికి ఆ నలుపు సిల్వర్ సల్ఫైడ్.

ఇత్తడి నేమ్ ప్లేట్ల అక్షరాల్లో నల్ల లక్క, మైనం లేదా ఎనామిల్ పెయింట్ నింపుతారు. ఎండ తగిలే గుమ్మానికి మైనం వద్దు, మెత్తబడిపోతుంది.

స్టీలు గిన్నెల మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు అరిగి కనబడకపోతే, కాస్త కాటుక రుద్ది పైపైన తుడవండి. చుక్కల్లో నలుపు నిలిచి పేరు చదవొచ్చు. కడిగితే పోతుంది, ఏ ఇబ్బందీ లేదు.

మన హైదరాబాదు ఇళ్లలో కనిపించే బిద్రీ దీనికి తలకిందులు. జింకులో కొంచెం రాగి కలిపి పోత పోస్తారు. మైలుతుత్తం నీళ్లు రుద్ది తాత్కాలికంగా నల్లగా చేస్తారు, అప్పుడు చెక్కే గీత తెల్లగా కనిపిస్తుంది. ఆ గీతల్లో వెండి పొదుగుతారు. చివర్లో బీదర్ కోట మట్టి, నవాసాగరం కలిపి పూస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది.

డిప్‌లో ముంచేశారా?

కంగారు పడకండి, నలుపు మళ్లీ తెప్పించొచ్చు. గుడ్డు గట్టిగా ఉడికించి, వేడి మీదే చిదిపి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. పక్కనే, గుడ్డుకి తగలకుండా చిన్న గిన్నెలో శుభ్రంగా కడిగి ఆరబెట్టిన వెండి వస్తువు ఉంచి మూత పెట్టండి. గుడ్డులోని గంధకం కొన్ని గంటల్లో వెండిని గోధుమరంగుకి, తర్వాత నలుపుకి తెస్తుంది. చాలనుకున్నాక కడిగి, మెత్తటి గుడ్డని వేలికి చుట్టి పైన మాత్రమే రుద్దండి. ముత్యాలు, పగడాలు, బంగారు పూత ఉన్నవాటికి ఇది చేయొద్దు.

లివర్ ఆఫ్ సల్ఫర్ కొని తెచ్చుకునేవాళ్లకి నర్సుల మాటగా ఒకటి చెప్పాలి. దానికి నిమ్మరసం, వెనిగర్, బాత్‌రూమ్ క్లీనర్, ఏ యాసిడ్ తగిలినా హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు వస్తుంది. కుళ్లిన గుడ్ల వాసన కదా, తెలిసిపోతుందిలే అనుకోకండి. ఎక్కువైతే ముక్కు ఆ వాసననే పట్టలేదు. గ్లౌజులు వేసుకుని ఆరుబయటే చేయండి. భోజనం చేసే కంచాల లోపలివైపు ఏ రసాయనమూ, పెయింటూ వద్దు.

మరి ఎలా తోమాలి?

నగిషీ ఉన్న వెండికి గోరువెచ్చని నీళ్లు, కొంచెం డిష్ సోపు, మెత్తటి గుడ్డ చాలు. మన అమ్మమ్మల విభూతి కూడా మంచిదే, కాకపోతే పొడిగుడ్డతో పైపైనే రుద్దండి, గీతల్లోకి బ్రష్షు దూర్చకండి. బిద్రీకి చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి పాలిష్ తగలనివ్వద్దు. కొబ్బరినూనె చుక్క వేసి తుడిస్తే సరిపోతుంది.

నలుపు పోతే మళ్లీ పెట్టుకోవచ్చు. ఏటేటా గరుకు పొడులతో తోమి తోమి గీతే అరిగిపోతే, అమ్మ పేరు చెక్కిన ఆ చేతిరాత తిరిగి రాదు. అందుకే ఈసారి వెండి పెట్టె తెరవగానే అన్నీ కలిపి సింకులో వేయకుండా, నగిషీ ఉన్నవి ముందు పక్కన పెట్టండి.